రాస్ దీవిలో ఒక పూట



మీ పోపులపెట్టెలోనో, బియ్యండబ్బా అడుగునో దాచుకున్న డబ్బుల్లో పాత ఎర్రరంగు 20 రూపాయల నోటు ఒకటి ఉంటే, ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి. కొబ్బరిచెట్లు, వాటి వెనక సముద్రం, దూరంగా ఒక దీపస్తంభం కనిపిస్తాయి. కూరగాయల బండి దగ్గర ఆ నోటు ఎన్నిసార్లు మన చేతులు మారిందో! ఆ బొమ్మ ఎక్కడిదని మాత్రం మనలో ఎవరమూ అడిగి ఉండం. అది అండమాన్ దీవుల్లో మౌంట్ హారియట్ అనే కొండ మీంచి కనిపించే దృశ్యం. ఆ ప్రాంతంలోనే, పోర్ట్ బ్లెయిర్ రేవు ముఖద్వారంలో, గుమ్మానికి అడ్డంగా వేసిన పీటలాగా ఒక చిన్న దీవి ఉంది. దాన్ని రాస్ దీవి అంటారు. ఈవేళ మనం ఆ దీవి గురించి చెప్పుకుందాం.

పేర్ల సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే తికమక పడతారు. రాస్ అన్నది డేనియల్ రాస్ అనే సముద్ర సర్వే అధికారి పేరు. 2018 డిసెంబరు 30న దీనికి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీప్ అని పేరు పెట్టారు. 2021లో మౌంట్ హారియట్ మౌంట్ మణిపూర్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. చరిత్ర చెబుతున్నాం గనుక ఆయా కాలంలో ఉన్న పేర్లనే వాడుకుందాం.

ఊళ్ళోని అబర్డీన్ రేవు దగ్గర పడవ ఎక్కితే పట్టుమని పావుగంటలో రాస్ చేరతాం. చదరపు కిలోమీటరైనా లేని దీవి అది. ఈ కొస నుంచి ఆ కొసకి కాలిబాటలున్నాయి. కొబ్బరితోటలూ, బాట పక్కన నిర్భయంగా మేసే జింకలూ, అక్కడక్కడ నెమళ్ళూ. పిల్లల్ని తీసుకెళితే వాళ్ళకి పండగే. కాస్త ఎత్తు ఎక్కితే ఒకవైపు నీలంగా పరుచుకున్న అండమాన్ సముద్రం, ఇంకోవైపు ఊరు. మెట్లు దిగి ఆ చివరికి వెళితే చిన్న దీపస్తంభం. తీరిగ్గా నడిచినా రెండు గంటల్లో అంతా చూసెయ్యవచ్చు. వచ్చినవాళ్ళలో చాలామంది అలా చూసేసి, జింక పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, తిరుగు పడవ ఎక్కేస్తారు.

కాని బాట పక్కన ఇంకొకటి కూడా కనిపిస్తుంది. మర్రి, జువ్వి జాతి చెట్ల వేళ్ళు గోడల్ని చుట్టేసి ఉంటాయి. పైకప్పు లేదు, తలుపుల్లేవు. ఇటుకగోడ ఏదో, వేరు ఏదో తెలియకుండా పెనవేసుకుపోయాయి. ఇది ఒకప్పటి రొట్టెల బేకరీ, ఇది అచ్చాఫీసు, ఇది క్లబ్బు, ఇది చర్చి, ఇది నీళ్ళు శుద్ధి చేసిన చోటు, ఇది చీఫ్ కమిషనరు బంగళా. ఇంత చిన్న దీవిలో ఇన్ని హంగులు ఎవరి కోసం? ఆ హంగులు నడవడానికి పాటుపడిన చేతులు ఎవరివి? ఇల్లు నడిపే మనకి ఈ ప్రశ్న ఇంకెవరికన్నా ముందు తట్టాలి. ఎందుకంటే ఏ ఇల్లూ దానంతటది నడవదని మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు!

కథ మొదటికి వెళదాం. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి ఈ రేవులో చాథం అనే మరో చిన్న దీవి మీద ఒక వలస స్థావరం పెట్టేడు. మూడేళ్ళకి దాన్ని ఉత్తరాన మరో రేవుకి మార్చేరు. అక్కడ జ్వరాలు పట్టి జనం చచ్చిపోతుంటే 1796లో మొత్తం ఎత్తేసి వెళ్ళిపోయేరు. ఆ తర్వాత అరవై ఏళ్ళు ఈ దీవుల జోలికి ఎవరూ రాలేదు.

1857లో సిపాయిల తిరుగుబాటు వచ్చింది. ఉత్తరదేశంలో జైళ్ళు నిండిపోయాయి. ఉరి తీయగా మిగిలినవాళ్ళని ఎక్కడ ఉంచాలన్నది తెల్లదొరలకి సమస్య అయింది. మన దేశంలోనే ఉంచితే వాళ్ళ మాటలు నలుగురి చెవినా పడతాయి. అంచేత సముద్రం అవతలకి పంపాలనుకున్నారు. సముద్రం దాటితే కులం పోతుందనీ, పోయినవాడు తిరిగి రాడనీ మనవాళ్ళకి ఉన్న భయం వాళ్ళకి బాగా తెలుసు. కాలాపానీ అన్న మాట అందుకే అంతగా దడ పుట్టించింది. మన పెద్దలు దాన్నే ద్వీపాంతరవాసం అనేవారు.

1858 మార్చి 10న సెమిరామిస్ అనే ఓడలో 200 మంది ఖైదీలు వచ్చేరు. వెంట వచ్చిన అధికారి జేమ్స్ పాటిసన్ వాకర్. ఆయన వృత్తికి డాక్టరు, అంతకుముందు ఆగ్రా జైలు చూసినవాడు. మొదట చాథంలో దిగి, తర్వాత రాస్ దీవిని తమ ముఖ్యస్థానం చేసుకున్నారు. ఈ ఎంపికలోనే దొరల ఆలోచన అంతా ఉంది. ఖైదీల్ని పెద్ద దీవి మీద అడవులు కొట్టడానికి పంపి, తాము చిన్న దీవి మీద ఉంటే, మధ్య సముద్రపు పాయ కందకంలాగా కాపలా కాస్తుంది. ఒకవైపు ఖైదీల భయం, రెండోవైపు అడవిలోని ఆదివాసుల భయం. రెండింటికీ నీళ్ళే అడ్డుగోడ.

అయితే ఆ చిన్న దీవిని కూడా నరికి, చదును చేసి, బాటలు వేసింది ఎవరు? ఆ ఖైదీలే. కాళ్ళకి సంకెళ్ళతో, కీచురాళ్ళూ జలగలూ నిండిన అడవిలో, ఆగని వానలో. అండమాన్‌లో వాన అంటే మన శ్రావణమాసపు జల్లు కాదు, మే నెలలో మొదలై ఆరునెలలకి పైగా కురుస్తుంది. ఈవేళ మనం నడిచే బాటల కింద మొదటి మన్ను తవ్వినవాళ్ళు వాళ్ళు.

ఆ బాధ పడలేక చాలామంది పారిపోయేరు. ఈదుకుంటూ వెళితే బర్మా వస్తుందనో, అడవి దాటితే ఏదో రాజ్యం వస్తుందనో వాళ్ళ ఆశ. చుట్టూ సముద్రమే అని వాళ్ళకి ఎవరు చెప్పారు? కొందరు ఆకలికి చచ్చిపోయేరు, కొందరు ఆదివాసుల బాణాలకి బలయ్యేరు. దొరికిపోయినవాళ్ళలో 86 మందిని వాకర్ ఒక్కరోజే ఉరి తీయించేడు. ఓడ వచ్చి నాలుగు నెలలైనా కాలేదు అప్పటికి. ఈ వార్త విని కలకత్తాలోని పై అధికారులే తప్పుపట్టి, ఇకమీద ఇలా చేయవద్దని ఆజ్ఞ పంపేరు. ఆ 86 మందికీ ఊళ్ళో ఎవరో తల్లి, ఎవరో భార్య ఉండే ఉంటారు. వాళ్ళకి ఎవరైనా కబురు పంపేరంటారా? భర్త బతికున్నాడో లేడో తెలియక, బొట్టు ఉంచుకోవాలో తుడుచుకోవాలో తెలియక ఎన్ని ఇళ్ళలో ఎందరు ఎదురు చూశారో! ఏ చరిత్ర పుస్తకమూ ఆ ఇళ్ళ గుమ్మం తొక్కలేదు.

అలా పారిపోయినవాళ్ళలో దూధ్‌నాథ్ తివారీ అనే సిపాయి ఒకడు. ఆదివాసులు అతన్ని మొదట గాయపరిచినా, తర్వాత తమలో కలుపుకున్నారు. ఏడాదిపాటు వాళ్ళ తిండి తిని, వాళ్ళ భాష నేర్చుకున్నాడు. ఇద్దరు అమ్మాయిలనిచ్చి పెళ్ళి చేసేరు. అందులో లీపా అనే ఆమె గర్భవతి కూడా అయింది. 1859లో తమ అడవుల్ని నరికేస్తున్న తెల్లవాళ్ళ మీద ఆదివాసులు పెద్ద దాడికి సిద్ధమయ్యేరు. తివారీ ముందుగా పరుగెత్తుకొచ్చి ఆ సంగతి దొరలకి చెప్పేసేడు. అబర్డీన్ దగ్గర మే నెలలో జరిగిన ఆ పోరాటంలో తుపాకుల ముందు విల్లంబులు నిలవలేదు. తివారీకి క్షమాభిక్ష దొరికింది, 1860లో ఇంటికి వెళ్ళిపోయేడు. మరి లీపా? ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టి ఇల్లిచ్చిన ఆమె జాతికి మిగిలింది ఏమిటి?

1863లో రాస్ దీవి మీదనే అండమాన్ హోమ్ అని ఒకటి తెరిచేరు. కోర్బిన్ అనే మతగురువు దాన్ని నడిపేడు. ఆదివాసుల్ని అందులో ఉంచి బట్ట కట్టడం, ఇంగ్లీషు మాటలు, నాగరికత నేర్పాలని ఉద్దేశం. నేర్పినవాళ్ళకి అది మంచి పనిగానే తోచి ఉండవచ్చు. కాని కొత్త మనుషుల వెంట కొత్త రోగాలు వచ్చేయి. సుఖవ్యాధులు పాకేయి. 1877లో తట్టు పెద్దఎత్తున వ్యాపించింది. మన ఇళ్ళలో పిల్లలకి తట్టు పోస్తే వేపాకు పరిచి పడుకోబెడతాం, నాలుగురోజులకి లేచి తిరుగుతారు. ఆ రోగం ఎన్నడూ ఎరగని ఒంటికి అదే మృత్యువు. గ్రేట్ అండమానీయులని పిలిచే ఆ జాతివాళ్ళు 1858లో వేలల్లో ఉండేవారు. 1901 జనాభా లెక్కల్లో 625 మంది తేలేరు. 1961కి 19 మందే మిగిలేరు. ఇప్పుడు మళ్ళీ కొంచెం పెరిగినా, వారి సంఖ్య కొన్ని పదుల్లోనే ఉంది. ఆ దీవులు అసలు ఎవరివో వాళ్ళు ఆ స్థితికి వచ్చేరు.

ఇక బంగళాల సంగతి చూద్దాం. 1872 నుంచి అండమాన్, నికోబార్ దీవులకి చీఫ్ కమిషనరు అనే పదవి ఏర్పడింది. ఆయన నివాసం రాస్ దీవి మీదే. చుట్టూ పెద్ద ఉద్యోగుల ఇళ్ళు, సైనికుల బారకాసులు, చర్చి, ఆస్పత్రి, బజారు, టెన్నిస్ ఆట స్థలం, ఈతకొలను, నాట్యాలాడే క్లబ్బు. చర్చికి బర్మా టేకు కిటికీలు వేసి, ఇటలీ నుంచి రంగుటద్దాలు తెప్పించేరని చెబుతారు. ఆ వైభవం చూసి తూర్పుదేశపు పారిస్ అని కూడా ముద్దుపేరు పెట్టుకున్నారు.

నది లేని దీవిలో ఇంతమందికి నీళ్ళు ఎక్కడివని మీరు అడగాలి. మంచినీళ్ళ కోసం నీటిని మరిగించి, ఆవిరి పట్టి, చల్లార్చే యంత్రాగారం పెట్టేరు. దాని శిథిలం ఇప్పటికీ ఉంది. నన్నడిగితే, మీరు వెళ్ళినప్పుడు క్లబ్బు గోడల ముందుకన్నా దాని ముందు ఎక్కువసేపు నిలబడండి. పొయ్యి మండించాలి, నీళ్ళు మొయ్యాలి, కట్టెలు కొట్టాలి. తెల్లవారేసరికి బేకరీలో రొట్టె తయారుగా ఉండాలి. దొరసాని స్నానానికి వేణ్ణీళ్ళు కాగాలి. ఈ పనులన్నిటికీ ఖైదీలే. ఇళ్ళలో వంటకీ, వడ్డనకీ, బిడ్డల్ని ఆడించడానికీ కూడా ఖైదీలనే పెట్టుకునేవారు. హత్యానేరం మీద శిక్ష పడి వచ్చిన మనిషి చేతిలో తన పసిబిడ్డని పెట్టి దొరసాని నిశ్చింతగా టెన్నిస్‌కి వెళ్ళేది. అంత నమ్మగలిగిన మనిషిని సంకెళ్ళలో ఎందుకు ఉంచేరన్న ప్రశ్న ఆ ఇళ్ళలో ఎవరికైనా వచ్చిందో లేదో!

ఆ తెల్ల ఆడవాళ్ళ జీవితం పూలపాన్పు అని మాత్రం అనను. మౌంట్ హారియట్‌కి పేరిచ్చిన హారియట్ టైట్లర్ 1862 నుంచి 1864 దాకా ఇక్కడ అధికారిగా ఉన్న రాబర్ట్ టైట్లర్ భార్య. 1857లో ఢిల్లీ ముట్టడి జరుగుతుండగా సైన్యం మధ్య బండిలో బిడ్డని కన్న మనిషి. ఇంకొక ఆమె లేడీ మేయో. 1872 ఫిబ్రవరి 8న ఆమె భర్త, మన దేశపు వైస్రాయి మేయో ప్రభువు, ఇక్కడి జైలు స్థావరాలు చూడటానికి వచ్చేడు. పగలల్లా రాస్, వైపర్ దీవులు చూసి, సాయంత్రం సూర్యాస్తమయం కోసం ఆ కొండ ఎక్కేడు. దిగి వస్తుండగా హోప్‌టౌన్ రేవు దగ్గర చీకట్లో షేర్ అలీ అనే పఠాను ఖైదీ కత్తితో పొడిచేడు. లేడీ మేయో రేవులో ఓడ మీద భర్త రాక కోసం ఎదురుచూస్తోంది. ఆమెకి వచ్చింది శవం. షేర్ అలీని మార్చి 11న వైపర్ దీవిలో ఉరి తీసేరు. మేయో పేరు మీద ఆస్పత్రులూ కళాశాలలూ వెలిశాయి. దుఃఖం ఎవరికైనా దుఃఖమే. కాని ఒకరి దుఃఖం రాళ్ళ మీద చెక్కుతారు, ఇంకొకరిది ఊరికే గాలికి పోతుంది.

గాలికి పోయిన వాటిలో ఒకటి ఇప్పుడు చెబుతాను. అండమాన్ అనగానే మనకి మగ ఖైదీలే గుర్తుకొస్తారు. కాని 1860ల నుంచి ఆడ ఖైదీలని కూడా అక్కడికి పంపేరు. రేవుకి ఎదురుగా సౌత్ పాయింట్ అనే చోట వాళ్ళకి వేరే జైలు కట్టి, నేతపని చేయించేవారు. వాళ్ళు చేసిన నేరాలు ఏమిటో తెలుసా? భర్తని చంపిందనో, పసిగుడ్డుని చంపిందనో శిక్ష పడినవాళ్ళే వాళ్ళలో ఎక్కువమంది.

పసిగుడ్డుని చంపడం ఘోరమే, కాదనను. కాని ఆ కాలం ఎలాంటిదో ఆలోచించండి. ఎనిమిదేళ్ళకి పెళ్ళి, పన్నెండేళ్ళకి వైధవ్యం. తల గొరిగించి వంటింటి మూల కూర్చోబెడతారు. ఆ ఇంట్లోనే ఎవడో ఒకడు మోసం చేస్తాడు. మోసం చేసినవాడు వీధి అరుగు మీద పెద్దమనిషి, మోసపోయినది బావికో, ఉరితాడుకో, అండమాన్ ఓడకో పాలు. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చునని 1856లోనే చట్టం వచ్చింది. అయితే కాగితం మీద ఉన్నది ఇంటిలోకి రావడానికి పాతికేళ్ళు పట్టింది. మన రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు గౌరమ్మకి మొదటి వితంతు వివాహం జరిపించేరు. ఊరంతా వెలివేసింది. వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ కూడా రాకపోతే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసి, వంట చేసి, ఆ పెళ్ళి నడిపించేరు. ఆ బిందెల బరువు లేకపోతే ఆ సంస్కరణ ఎక్కడ ఉండేది?

ఇప్పుడు విడ్డూరం చూడండి. ఇక్కడ ఒక్క పెళ్ళికి ఊరు అట్టుడికిపోతున్న రోజుల్లోనే, అక్కడ అండమాన్‌లో సర్కారువారే ఆడ ఖైదీలకి మళ్ళీ పెళ్ళిళ్ళు జరిపిస్తున్నారు. కొన్నేళ్ళు మంచి నడవడిక చూపిన మగ ఖైదీకి కాస్త భూమి ఇచ్చి సొంతంగా బతకమనేవారు. అతను ఊరినుంచి భార్యని పిలిపించుకోవచ్చు, లేదా ఆడజైలులోని స్త్రీని పెళ్ళి చేసుకోవచ్చు. ఊరినుంచి భార్యలు వచ్చింది తక్కువ. పదిమంది మగ ఖైదీలకి ఒక ఆడ ఖైదీ కూడా లేని చోటు అది. అధికారి ఒప్పుకోవాలి, ఆమె కూడా ఒప్పుకోవాలి. ఆమె ఒప్పుకోలు ఎంత నిజమో ఎవరు చెప్పగలరు? ఒప్పుకుంటే ఒక గుడిసె, నాలుగు బస్తాల గింజలు, తన పొయ్యి. ఒప్పుకోకపోతే మళ్ళీ జైలు, మగ్గం. దాన్ని స్వేచ్ఛ అనలేం. అయినా కులాలు వేరు, భాషలు వేరు అయిన ఆ జంటలు కాపురాలు చేసేరు, బిడ్డల్ని కన్నారు. వాళ్ళ సంతానాన్ని అక్కడ లోకల్ బార్న్ అంటారు. ఇప్పటికీ ఆ వంశాలవాళ్ళు ఉన్నారు, హిందుస్థానీ మాట్లాడుకుంటారు. కులం గొడవ అక్కడ మనకన్నా తక్కువ అని చెబుతారు. దొరలు ఒక జైలు కట్టాలనుకున్నారు. దాన్ని ఊరు చేసింది మాత్రం ఈ ఆడవాళ్ళు. మనం మరిచిపోకూడని మాట ఇది.

మన తెలుగువాళ్ళకీ ఈ దీవులు కొత్త కాదు. 1879 రంప పితూరీలో పట్టుబడ్డ గిరిజనుల్లో కొందరిని అండమాన్ పంపేరు. 1906లో పూర్తయిన సెల్యులర్ జైలు పేరు అందరికీ తెలిసిందే. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ద్వీపాంతర శిక్ష అనుభవించి తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యేరు. కొండకోనల్లోంచి కాలాపానీకి, అక్కడినుంచి పార్లమెంటుకి! తర్వాతి రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి బతుకుతెరువుకి ఎందరో వెళ్ళేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగే. చేపల బజారులో నిలబడితే ‘ఏటమ్మా, ఏటి కావాల?’ అని మన ఉత్తరాంధ్ర పలుకు వినిపిస్తుంది. అంత దూరంలో ఆ మాట చెవిన పడితే ప్రాణం లేచివస్తుంది.

మళ్ళీ రాస్ దీవికి వద్దాం. అన్ని హంగులతో వెలిగిన ఆ దీవి ఎంతకాలం నిలిచింది? 1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చింది. బంగళాలు బీటలు వారేయి. అధికారులు దీవి వదిలి ఊళ్ళోకి మారేరు. మరుసటి ఏడు 1942 మార్చి 23న జపానువాళ్ళు దిగేరు. వాళ్ళు కట్టుకున్న కాంక్రీటు బంకర్లు రాస్ తీరాన ఇప్పటికీ ఉన్నాయి.

1943 డిసెంబరు 29న నేతాజీ వచ్చేరు. 30న పోర్ట్ బ్లెయిర్‌లో మన జెండా ఎగరేసేరు. అండమాన్‌కి షహీద్ అనీ, నికోబార్‌కి స్వరాజ్ అనీ పేర్లు పెట్టేరు. రాస్ దీవి మీద పాత కమిషనరు బంగళాలో ఆయనకి విడిది ఏర్పాటు చేసేరంటారు. తెల్లదొర ఇంట మన జెండా! ఆ సంబరం నిజమే. అయితే అదే సమయంలో డాక్టర్ దీవాన్ సింగ్ అనే పంజాబీ వైద్యుడు, కవి, సెల్యులర్ జైలులో జపానువాళ్ళ చిత్రహింసలు పడుతున్నారు. సైనికుల కోసం తెచ్చిన కొరియా ఆడపిల్లల్ని ఉంచడానికి గురుద్వారా ఇమ్మంటే ఇవ్వనన్నారని, ఆయన మీద పగకి అదొక కారణమని చెబుతారు. 1944 జనవరి 14న ఆయన ఆ జైలులోనే ప్రాణం విడిచేరు. జరుగుతున్న ఘోరాలు నేతాజీ కంటపడకుండా జపానువాళ్ళు జాగ్రత్తపడ్డారు. ఆ కొరియా పిల్లలు ఎవరింటి బిడ్డలో, ఏమైపోయేరో! యుద్ధంలో మగవాళ్ళ లెక్క పోయినవాళ్ళు ఇంతమంది అని రాస్తారు. ఆడవాళ్ళ లెక్క ఎవరూ సరిగా రాయరు.

1945 అక్టోబరులో ఇంగ్లీషువాళ్ళు తిరిగి వచ్చేరు గాని, రాస్ మీద మళ్ళీ కాపురం పెట్టలేదు. తలుపు తెరిచేవాళ్ళు లేక, దీపం పెట్టేవాళ్ళు లేక దీవి పాడుపడింది. ఒక పక్షి వేసిన గింజ గోడ సందులో మొలిచింది. మొలక వేరైంది, వేరు మాను అయింది. మన ఇంటి డాబా మీద రావిమొక్క మొలిస్తే వెంటనే పీకేస్తాం కదూ? పీకేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో రాస్ దీవి చూపిస్తుంది. 1979లో దీవిని మన నౌకాదళానికి అప్పగించేరు. వాళ్ళు బాటలు బాగుచేసి, స్మృతిక అని చిన్న ప్రదర్శనశాల పెట్టేరు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కూడా ఈ దీవి అడ్డుగా నిలిచి ఊరిని కొంత కాపాడిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఎవరిని దూరంగా ఉంచడానికి దొరలు ఆ దీవిని ఎంచుకున్నారో, చివరికి ఆ జనానికే అది కాపలా కాసింది.

మీలో ఎవరైనా వెళ్ళే ఏర్పాటు చేసుకుంటే నాలుగు మాటలు చెబుతాను. జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలం, వానలుండవు. పొద్దున్నే మొదటి పడవలకే వెళ్ళండి, ఎండ ముదరకముందే ఎత్తు ఎక్కవచ్చు. వేళ్ళూ మెట్లూ తడిగా ఉంటే జారతాయి, కాళ్ళకి గట్టి చెప్పులు వేసుకోండి. మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి. జింకలకి చేగోడీలూ బిస్కెట్లూ పెట్టకండి, ప్లాస్టిక్ సంచులు అక్కడ పారెయ్యకండి. గోడల మీద పేర్లు చెక్కే పిల్లలుంటే చెయ్యి పట్టుకుని ఆపండి. ఆ గోడలు కట్టినవాళ్ళకే తమ పేరు చెక్కుకునే యోగం లేకపోయింది.

పిల్లలకి కమిషనరు బంగళా తప్పకుండా చూపించండి. ఆ తర్వాత వెనక వంటశాల ఎక్కడుండేదో వాళ్ళని వెతకమనండి. నీళ్ళెవరు మోసేరు, రొట్టె ఎవరు కాల్చేరు, ఈ బాట ఎవరు వేసేరు అని అడగనివ్వండి. తీరం మీంచి సౌత్ పాయింట్ వైపు చూపించి, అక్కడ మగ్గం నేసిన ఆడవాళ్ళుండేవారని చెప్పండి. దీవి పేరు ఒకసారి మారింది, ఊరి పేరు మారింది, కొండ పేరు మారింది. అవి పెద్దల పేర్లు, మారుతూనే ఉంటాయి. ఆ చేతుల పేర్లు మాత్రం మనకి దొరకవు. దొరకనివాళ్ళని తలుచుకోవాలంటే, వాళ్ళు చేసిన పనిని చూసి తలుచుకోవడమే మనం చేయగలిగింది. రోజూ చేసినా ఎవరూ లెక్కలో వెయ్యని పని ఎలాంటిదో మనకి వేరే చెప్పాలా?